ఇంటి లోను మీద నెలనెలా అదనంగా కడితే ఎంత మిగులుతుంది? బ్యాంకులో ఎట్లా కట్టాల?

టవర్‌క్లాక్_అనంతపురం:

అందరికీ నమస్కారం. లోను వివరాలు ముందే రాస్తున్నా. 30 లక్షలు, 20 ఏండ్లు, ఫ్లోటింగ్ (మధ్యలో మారే) వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ 26,035. ఇప్పటికి 48 ఈఎంఐలు పోయినాయి. కట్టింది పన్నెండున్నర లక్షల దాకా ఉంది, స్టేట్‌మెంట్‌లో బాకీ చూస్తే ఇంకా 27,27,600. అంటే అసల్లో తగ్గింది 2,72,400 మాత్రమే.

ఇకమీదట నెలకు 5,000 అదనంగా కట్టే వీలుంది. ఇవి కాక 2 లక్షల ఎఫ్‌డీ ఈ నెల చేతికొస్తుంది. దాన్ని కూడా లోనులో వేసేయాల్నా? కడితే ఈఎంఐ తగ్గుతుందా, కాలం తగ్గుతుందా? పెనాల్టీ ఏమైనా ఉంటుందా? తెలిసినవాళ్ళు కొందరు "మొదట్లోనే వడ్డీ అంతా లాగేసుకుంటారు, ఇంగ ఇప్పుడు కట్టి ఏం లాభం" అంటున్నారు. అది నిజమేనా? లెక్కతో చెప్పేవాళ్ళు చెప్పండి.


కొండారెడ్డి_బురుజు:

"మొదట్లోనే వడ్డీ లాగేస్తారు" అన్నది ఊర్లో అందరూ అనే మాటే గానీ, తప్పు మాట. బ్యాంకు ఏ నెలకు ఆ నెల, ఆ రోజుకు మిగిలిన బాకీ మీదే వడ్డీ వేస్తుంది. మీ మొదటి నెల చూడండి. 30 లక్షల మీద 8.5 శాతం అంటే ఏడాదికి 2,55,000, నెలకు 21,250. ఈఎంఐ 26,035లో అది పోతే అసలుకు పోయింది 4,785. ఇప్పుడు 49వ నెలలో బాకీ 27,27,600 కాబట్టి వడ్డీ 19,320, అసలుకు 6,715. ఇందులో లాక్కునేది ఏమీ లేదు, బాకీ పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది. బాకీ తగ్గించినరోజు నుంచి వడ్డీ తగ్గుతుంది, అంతే.

మన పక్క పైసల వడ్డీ లెక్కలో చెప్పాలంటే 8.5 శాతం అంటే నూటికి 71 పైసలు. మీరు అదనంగా కట్టే ప్రతి వందా నెలకు 71 పైసలు సంపాదించి పెడుతుంది, అదీ లోను అయిపోయేదాకా. అందుకే ముందు కట్టిన రూపాయి ఎక్కువ నెలలు పనిచేస్తుంది.

ఇప్పుడు మీ లెక్క. వడ్డీ రేటు 8.5 దగ్గరే ఉంటుందనుకుని, ఈఎంఐ మార్చకుండా:

ఏమీ చేయకపోతే ఇంకా 192 ఈఎంఐలు. మొత్తం కట్టేది 49.99 లక్షలు, అందులో వడ్డీ 22.71 లక్షలు.

నెలకు 5,000 అదనంగా కడితే 138 నెలలకు దాదాపు తీరిపోతుంది, 139వ నెలలో చిల్లర ఉంటే ఉంటుంది. నాలుగున్నర ఏండ్లు ముందు. మిగిలే వడ్డీ 7.14 లక్షలు.

నెలకు 10,000 అయితే 109 నెలలు, మిగిలేది 10.77 లక్షలు. గమనించండి, అదనం రెండింతలైంది గానీ మిగులు రెండింతలు కాలేదు. మొదటి ఐదు వేలే ఎక్కువ పని చేస్తాయి. కాబట్టి పదివేలు లేవని ఆగిపోవద్దు.

2 లక్షలు ఇప్పుడు ఒకేసారి వేసి, ఈఎంఐ అదే 26,035 ఉంచితే 165 నెలలు. 27 నెలలు తగ్గుతాయి, వేసిన రెండు లక్షలు పోను మిగిలేది 5.06 లక్షలు.

రెండూ చేస్తే, అంటే 2 లక్షలు ప్లస్ నెలకు 5,000, 122 నెలలు. మిగులు 10.17 లక్షలు.

ఇంకొక దారి కూడా ఉంది, జీతం పెరిగేవాళ్ళకు బాగా నప్పుతుంది. ఇప్పుడు అదనం ఏమీ లేకుండా, వచ్చే ఏడాది నుంచి ఏటా కట్టే మొత్తాన్ని 5 శాతం పెంచుతూ పోవడం. రెండో ఏడు 27,336, మూడో ఏడు 28,703, అట్లా. ఇది 130 నెలలకు తీరుతుంది. ఐదువేలు స్థిరంగా కట్టినదానికంటే ముందే. ఇంక్రిమెంటు, డీఏ వచ్చిన నెలే పెంచేస్తే చేతికి తెలియదు.

నా లెక్క నమ్మాల్సిన పని లేదు. ఎక్సెల్‌లో ఎన్‌పీఈఆర్ అనే ఫంక్షన్ ఉంది. రేటు దగ్గర 8.5%ని 12తో భాగించి, చెల్లింపు దగ్గర మైనస్ గుర్తుతో 31,035, బాకీ దగ్గర 27,27,600 వేయండి. 138 వస్తుంది. ఆ మైనస్ మరిచిపోతే మాత్రం అర్థంపర్థం లేని అంకె వస్తుంది.


ఏడురోడ్లు_కడప:

లెక్క సరే. అసలు చిక్కులొచ్చేది కౌంటర్ దగ్గర. వరసగా చెప్తా.

పెనాల్టీ గురించి: వ్యక్తుల పేరు మీద ఉన్న ఫ్లోటింగ్ రేటు ఇంటి లోనుకు ముందస్తు చెల్లింపు రుసుము బ్యాంకులు వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. కొంత కట్టినా, మొత్తం కట్టినా ఇదే వర్తిస్తుంది. ఫిక్స్‌డ్ రేటు లోనైతే మాత్రం మంజూరు పత్రం తీసి చూసుకోవాల. కొన్ని లోన్లలో మొదటి రెండు మూడేండ్లు ఫిక్స్‌డ్, ఆ తర్వాత ఫ్లోటింగ్ అని ఉంటుంది. మీరు ఏ దశలో ఉన్నారో అది.

కట్టే పద్ధతి రెండు రకాలుగా నడుస్తుంది. కొన్ని బ్యాంకుల్లో లోను ఖాతా నంబరుకే ఎప్పుడైనా డబ్బు పంపొచ్చు. మీ సేవింగ్స్ ఖాతా నుంచి ఆ నంబరును బెనిఫిషియరీగా చేర్చి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వేసి పంపితే అదే రోజు బాకీ తగ్గుతుంది, ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుంది. మరికొన్ని చోట్ల, ముఖ్యంగా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల్లో, "పార్ట్ పేమెంట్" అని విడిగా విన్నపం పెట్టాల. యాప్‌లోనో, ఆఫీసులోనో. ఒకటి రెండు ఈఎంఐల కంటే తక్కువ మొత్తమైతే తీసుకోము అనే చోట్లు కూడా ఉన్నాయి. అట్లాంటిచోట నెలనెలా 5,000 కుదరదు. ఆరు నెలలు పోగేసి 30,000 ఒకసారి కట్టుకోవాల్సిందే. దీనివల్ల పోయే వడ్డీ చిన్నదే, దిగులు పడొద్దు. 5,000 ఒక నెల ఆలస్యమైతే పోయేది 35 రూపాయలు.

అందరికీ జరిగే తప్పు ఇది: డబ్బు పోతుంది, మెసేజ్ వస్తుంది, బాకీ మాత్రం తగ్గదు. ఎందుకంటే సిస్టమ్ దాన్ని "అడ్వాన్స్ ఈఎంఐ" కింద పక్కన పెట్టుకుంటుంది. వచ్చే నెల ఈఎంఐ కట్ కాదు, దాన్నుంచి సర్దేస్తారు. మీకు మిగిలింది సున్నా. పట్టుకోవడం తేలిక. కట్టిన మరుసటి రోజు స్టేట్‌మెంట్ తీయండి. 27,27,600 ఉన్నచోట 27,22,600 కనబడాల. వచ్చే నెల ఈఎంఐ మళ్ళీ పూర్తిగా 26,035 కట్ కావాల. ఆ తర్వాతి వడ్డీ డెబిట్ లైన్ కూడా అదనం కట్టకపోతే పడాల్సినదానికన్నా 35 రూపాయలు తక్కువ ఉండాల. ఈ మూడూ సరిపోతే దారి సరైనదే, అప్పుడు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (నెలనెలా డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు) పెట్టి మరిచిపోవచ్చు. మూడింటిలో ఏది తేడా వచ్చినా మొదటి ఐదువేలతోనే ఆపి బ్యాంకులో మెయిల్ పెట్టండి, "ఈ మొత్తాన్ని అసలుకు జమ చేయండి, అడ్వాన్స్ ఈఎంఐగా కాదు" అని.

స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఈఎంఐ తేదీకి ముందు పెట్టొద్దు. ఈఎంఐ 5న కట్ అయితే ఇది 8నో 10నో పెట్టండి. ముందు పెడితే ఏదో ఒక నెల ఖాతాలో డబ్బు తక్కువై, అదనం పోతుంది, ఈఎంఐ బౌన్స్ అవుతుంది. చెక్కు తిరిగినట్టే లెక్క, చార్జీ పడుతుంది, సిబిల్ (మన అప్పుల చరిత్ర) మీద మచ్చ.

ఇంకొక మాట, ప్రగతి గ్రామీణ బ్యాంకులో లోను ఉన్నవాళ్ళకు. 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత కాగితం మీద ఉన్న కోడ్‌తో పంపకుండా ఒకసారి అడిగి సరిచూసుకోండి. సిండికేట్, ఆంధ్రా బ్యాంకు పేర్ల మీద పాత పత్రాలున్నవాళ్ళకూ అంతే, అవి 2020 ఏప్రిల్ 1నే కెనరాలో, యూనియన్‌లో కలిసిపోయినాయి.


టవర్‌క్లాక్_అనంతపురం:

చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. ఇప్పుడు 2 లక్షల సంగతి. ఈఎంఐ తగ్గించుకోమని ఒకరు, కాలం తగ్గించుకోమని ఒకరు. నాది ప్రైవేటు ఉద్యోగం, ఆ ఎఫ్‌డీ తప్ప చేతిలో వేరే పొదుపు పెద్దగా లేదు. పన్ను కొత్త విధానంలో ఉన్నా.


కొండారెడ్డి_బురుజు:

అదొక్కటే పొదుపు అయితే దాన్ని ముట్టుకోవద్దు. నేను పైన వేసిన 10.17 లక్షల మిగులు చూసి ఆశ పడొద్దు.

కారణం ఒకటే. లోనులో వేసిన డబ్బు మామూలు లోనులో వెనక్కి రాదు. ఇవాళ రెండు లక్షలు ముందుగా కట్టి, మూడు నెలలకు ఉద్యోగం పోయిందనుకోండి, బ్యాంకు "మొన్న కట్టినారు కదా, ఈ నెల వద్దులే" అనదు. 26,035 ఆ నెల కూడా కట్టాల్సిందే. 90 రోజులు బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ. ఆరు ఈఎంఐలంటేనే 1,56,210. మీ ఎఫ్‌డీ సరిగ్గా దానికి సరిపోయింది, పైన ఇంటిఖర్చుకు మిగిలేది 43,790 మాత్రమే. ఎఫ్‌డీని తిరిగి ఎఫ్‌డీలోనే వేయండి, ఐదువేలతో మొదలుపెట్టండి. ఆరేడు నెలల ఖర్చు చేతిలో చేరినంక పైన వచ్చేది లోనులోకి పంపండి.

ఇక ఈఎంఐ తగ్గించడమా కాలం తగ్గించడమా అన్నది. 2 లక్షలు వేసి కాలం 192 అట్లే ఉంచితే ఈఎంఐ 24,126కు దిగుతుంది, నెలకు 1,909 తక్కువ. ఇట్లా పోతే చివరికి మిగిలేది 1.67 లక్షలు. కాలం తగ్గిస్తే 5.06 లక్షలు. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూసి అందరూ "కాలమే తగ్గించాల" అంటారు. నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఈఎంఐ తగ్గించుకుని, ఆ తగ్గిన 1,909ని ప్రతినెలా మీరే అదనంగా కడితే 165 నెలలకే తీరుతుంది. మిగిలేది కూడా అదే 5.06 లక్షలు. బ్యాంకుకు పోయే డబ్బు రెండు చోట్లా నెలకు 26,035 అయినప్పుడు లెక్క ఎందుకు మారుతుంది? మారదు.

తేడా అంతా కష్టకాలంలో. ఈఎంఐ తగ్గించుకున్నవాడికి తప్పనిసరి 24,126 మాత్రమే. చేతిలో డబ్బు లేని నెల అదనం ఆపేయొచ్చు. కాలం తగ్గించుకున్నవాడు 26,035 కట్టితీరాల. కాబట్టి ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం, పంట మీద ఆదాయం ఉన్నవాళ్ళకు ఈఎంఐ తగ్గించుకుని పాత మొత్తమే కడుతూ పోవడం మేలు అని నా అభిప్రాయం. అదనం ఖర్చయిపోతుందేమో అని తన మీద తనకు అనుమానమున్నవాళ్ళు మాత్రం కాలం తగ్గించుకుని బ్యాంకు చేతనే కట్ చేయించుకోవడం మంచిది.

ఏది ఎంచుకున్నా రాసివ్వండి. నోటిమాటగా చెబితే సిస్టమ్‌లో అప్పటికి ఏది పెట్టి ఉంటే అదే అవుతుంది.


పెన్నేటి_గట్టు:

నేను అడ్డు చెప్తున్నా. 8.5 అప్పు తీర్చడానికి తొందర ఎందుకు? ఆ ఐదువేలు ఈక్విటీ (షేర్ల) ఫండులో సిప్, అంటే నెలనెలా కట్టే పద్ధతి, పెడితే పదకొండున్నర ఏండ్లలో ఎక్కువ రాదా?


కొండారెడ్డి_బురుజు:

రావొచ్చు, రాకపోవచ్చు. లోను మీద మిగిలే 8.5 ఖాయం, పన్ను లేదు. ఖాయమైన దాన్ని ఖాయం కానిదానితో కొలవాలంటే పోలిక సరిగా చేయాల.

ముందు ఖాయమైన వాటితో. 7 శాతం ఎఫ్‌డీ, 20 శాతం శ్లాబు అనుకుందాం. సెస్సుతో 20.8. చేతికొచ్చేది 5.54 శాతం. 8.5 అప్పు పెట్టుకుని 5.54కు పొదుపు చేయడం, అత్యవసరానికి తప్ప, ఏ లెక్కలోనూ నిలవదు. ఈపీఎఫ్ వేరు. 2024-25కి దాని మీద 8.25 ఇచ్చినారు. పీఎఫ్ తీసి లోను కట్టడం ఈ చేత్తో తీసి ఆ చేత్తో పెట్టడమే, పైగా ఉద్యోగం మానేటప్పటికి దాచుకున్నది పోతుంది. పీఎఫ్ జోలికి పోవద్దు.

ఈక్విటీ ఫండులో లాభం ఏడాదికి 1.25 లక్షలు దాటితే, ఏడాది దాటి ఉంచినవాటి మీద 12.5 శాతం పన్ను. అది పోను కూడా 8.5 మిగలాలంటే 9 శాతానికి పైన నిలకడగా రావాల, అప్పుడే లోనును గెలుస్తుంది. దీర్ఘకాలం ఆగగలిగితే రావడానికి అవకాశముంది, కాదనను. కానీ మార్కెట్ పడిపోయిన ఏడాదే సిప్ ఆపేసే మనిషికి ఆ అవకాశం కూడా లేదు. ఇప్పటికే సిప్ ఉంటే దాన్ని ఆపొద్దు, కొత్తగా మిగిలినదాన్ని లోనులో వేయండి. ఇది నా మాట. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

పన్ను సంగతి ఇందులోనే తేలిపోతుంది. పాత విధానంలో ఉన్నవాళ్ళకు సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు. ఇదే లోనుకు ఐదో ఏడు పోయే వడ్డీ సుమారు 2,28,600. అంటే ఎట్లా చూసినా 28,600కు మినహాయింపు రాదు. రెండు లక్షల లోపల ఉన్న భాగానికి మాత్రం 20.8 శ్లాబులో నిజంగా పడే వడ్డీ 6.73 శాతం. అలాంటివాళ్ళకు తొందర కాస్త తగ్గుతుంది. భార్యాభర్తలిద్దరూ ఇంటి యజమానులుగా, లోనులో కూడా ఇద్దరూ ఉంటే చెరొక 2 లక్షలు. మీరు కొత్త విధానంలో ఉన్నారు కాబట్టి సొంతంగా ఉండే ఇంటికి ఈ మినహాయింపే లేదు. 8.5కు 8.5 మీ జేబులోంచే. కాబట్టి మీ విషయంలో వాదన అక్కర్లేదు.


పెన్నేటి_గట్టు:

సరే. అయితే లోను కన్నా ముందు తీర్చాల్సినవి కూడా చెప్పండి. రెండు రూపాయల వడ్డీకి చేబదులు పెట్టుకుని ఇంటి లోనులో అదనం కట్టేవాళ్ళున్నారు మన పక్క.


కొండారెడ్డి_బురుజు:

అవును, అది రాయాల్సింది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 24 పెట్టుకుని 8.5 తీర్చడం తలకిందుల పని. ముందు చేబదుళ్ళు, క్రెడిట్ కార్డు, ఆ తర్వాత పర్సనల్ లోను, ప్రైవేటు వ్యాపారుల దగ్గర తాకట్టు పెట్టిన బంగారం. ఇంటి లోను అన్నిటికన్నా చివర.


హంద్రీ_లెక్క:

అందరూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు, రేటు గురించి ఒక్కరూ అడగలేదు. కట్టకముందే రేటు తగ్గించుకోండి, అది ఉచితంగా వచ్చే డబ్బు.

2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే వడ్డీ) లాంటి బయటి రేటుకు ముడిపెట్టినవి. మూడు నెలలకొకసారైనా మారాల. రిజర్వు బ్యాంకు రెపోను 2025 ఫిబ్రవరిలో 6.50 నుంచి తగ్గించడం మొదలుపెట్టి జూన్‌కు 5.50 చేసింది. మీ 8.5 అప్పటిదా, ఇప్పటిదా? తాజా స్టేట్‌మెంట్‌లో చూడండి. 2016కు ముందువి బేస్ రేటు, 2016 నుంచి 2019 మధ్యవి ఎంసీఎల్ఆర్, రెండూ బ్యాంకు తనే లెక్కగట్టుకునే రేట్లు. ఆ పాతవి రెపో తగ్గినా నిదానంగా దిగుతాయి. వాటిని రెపో లోనుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒకసారి కట్టే రుసుము కొంత ఉంటుంది.

అర శాతం తగ్గితే ఏమవుతుందో చూడండి. 27,27,600 మీద 8.5 కాస్తా 8.0 అయి, ఈఎంఐ 26,035 అట్లే ఉంటే 180 నెలల పైచిలుకుతో తీరుతుంది. సుమారు పదకొండున్నర నెలలు, 3 లక్షలు మిగులు. జేబులోంచి అదనంగా పైసా పోలేదు.

రేటు తగ్గినప్పుడు కొన్ని బ్యాంకులు ఈఎంఐ తగ్గిస్తాయి, కొన్ని కాలం తగ్గిస్తాయి. ఈఎంఐ తగ్గితే ఆ తగ్గినది మీ అదనంలో కలిపేయండి. రేటు పెరిగినప్పుడు కథ తిరగబడుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4.00 నుంచి 6.50కు పోయింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు, కాలం మాత్రం చెప్పాపెట్టకుండా సాగిపోయింది. దానిమీదే రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, కాలం పొడిగించుకుంటారా, కొంత కట్టేస్తారా అని లోను తీసుకున్నవాళ్ళను అడగాల. మూడు నెలలకొకసారి స్టేట్‌మెంట్ ఇవ్వాల. అందులో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఇంకా మిగిలిన ఈఎంఐల సంఖ్య, వడ్డీ రేటు ఉండాల. ఆ "మిగిలిన ఈఎంఐలు" అంకె 192 ఉండాల్సిన చోట 230 కనబడితే మీకు తెలియకుండా కాలం సాగిందని అర్థం.

వేరే బ్యాంకుకు మార్చుకుంటే పోలేదా అంటే, పోతుంది. కానీ లాయరు అభిప్రాయం, ఇంజనీరు విలువ కట్టడం, ప్రాసెసింగ్, కొత్త బ్యాంకు పేరున మళ్ళీ తనఖా పత్రం రిజిస్ట్రేషన్, అన్నిటికీ ఖర్చు. ఆ ఖర్చు ఎంతో కాగితం మీద రాసుకుని, పాత బ్యాంకు మేనేజరు ముందు పెట్టి "మీరే తగ్గిస్తారా" అని అడగండి. చాలాసార్లు అక్కడే తెగుతుంది.


ఏడురోడ్లు_కడప:

ఓవర్‌డ్రాఫ్ట్ లోను గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటివి. మిగులు డబ్బు ఆ ఖాతాలో వేస్తే అంతమేరకు వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. పైన బురుజు అన్న చెప్పిన "డబ్బు వెనక్కి రాదు" భయం దీనికి లేదు. అయితే మామూలు లోను కన్నా వడ్డీ కాస్త ఎక్కువ, అందులో పెట్టిన డబ్బు పాత పన్ను విధానంలో అసలు చెల్లింపు మీద ఇచ్చే మినహాయింపుకు లెక్కకు రాదు. ఖాతాలో ఎప్పుడూ లక్షలు మెదిలే వ్యాపారులకు బాగుంటుంది. నెలకు ఐదువేలు కట్టేవాళ్ళకు ఆ ఎక్కువ వడ్డీ కూడా దండగే.


లింకుడాక్యుమెంట్:

తీరిపోయినంక పని కూడా రాసి పెడతా, పదేండ్ల తర్వాత అయినా ఎవరికో ఒకరికి పనికొస్తుంది. కొందరు చివరి ఈఎంఐ కట్ కాగానే అయిపోయిందనుకుంటారు.

ముగించేముందు బ్యాంకును "ఫోర్‌క్లోజర్ లెటర్" అడగండి. అందులో ఏ తేదీకి ఎంత కట్టాలో పైసలతో సహా ఉంటుంది. ఆ తేదీ దాటితే రోజువారీ వడ్డీ కలుస్తుంది. పది రూపాయలు తక్కువ కట్టినా ఖాతా మూతపడదు, ఆ పది రూపాయలు సిబిల్‌లో బకాయిగా కూర్చుంటాయి.

ఆ తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్. అందులో లోను ఖాతా నంబరు, ఇంటి వివరం సరిగా ఉన్నాయా చూడండి. ఈఎంఐ ఆటోమేటిక్‌గా కట్ అయ్యే నాచ్ మ్యాండేటు రద్దు చేయించండి. లోను తీసుకున్నప్పుడు సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కులుంటే అవి వెనక్కి తీసుకోండి.

పత్రాల విషయానికొస్తే, లోను రోజు బ్యాంకు ఇచ్చిన పత్రాల జాబితా ఉంటుంది, అది దాచిపెట్టుకోండి. తీసుకునేటప్పుడు దానితో ఒక్కొక్కటీ సరిపోల్చండి. రిజిస్టరైన అసలు క్రయపత్రం ఒక్కటే చూసుకుని వచ్చేస్తారు కొందరు. లింకు డాక్యుమెంట్లు (మీకన్నా ముందు యజమానుల పత్రాలు), ప్లాను మంజూరు కాగితం, లేఅవుట్ ఆమోదం, పాత ఈసీలు (ఆస్తి మీద జరిగిన క్రయాలు, తనఖాలు చూపే కాగితాలు), అన్నీ లెక్కకు రావాల. పేజీలు కూడా లెక్కపెట్టండి. వెనక పేజీలో స్టాంపులు, ముద్రలు ఉంటాయి, ఆ పేజీ ఊడిపోతే అమ్మేటప్పుడు తలనొప్పి. కొన్ని సంస్థల్లో పత్రాలు స్థానిక ఆఫీసులో ఉండవు, వేరే ఊర్లో భద్రపరుస్తారు. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, 2023 డిసెంబరు 1 తర్వాత తీరిన లోన్లకు, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాల, నమోదైన తనఖాలు కూడా తీసేయాల. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం. పత్రాలు పోగొడితే నకళ్ళు తెప్పించే ఖర్చు వాళ్ళదే, దానికి ఇంకో 30 రోజుల గడువు ఉంటుంది.

మన పక్క ఎక్కువమంది వదిలేసేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని. లోను తీసుకున్నప్పుడు పత్రాలు బ్యాంకులో పెట్టినట్టు ఒక తనఖా పత్రం రిజిస్టరై ఉంటే, అది ఈసీలో కనబడుతుంది. లోను తీరినంత మాత్రాన అది దానంతటది పోదు. బ్యాంకు అధికారి సంతకంతో తనఖా విడుదల పత్రం రిజిస్టర్ చేయించాల. చేయించకపోతే పదేండ్ల తర్వాత ఇల్లు కొనడానికొచ్చినవాడు ఈసీ తీసి "ఇది బ్యాంకులో ఉంది కదా" అంటాడు. అప్పటికి ఆ మేనేజరు ఉండడు, బ్రాంచి ఇంకో బ్యాంకులో కలిసిపోయి ఉంటుంది, పైన చెప్పిన సిండికేట్ మాదిరి. విడుదల అయినంక పది పదిహేను రోజులు ఆగి కొత్త ఈసీ తీయండి, తనఖా లైను కింద విడుదల లైను కూడా పడిందా చూడండి. కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా బ్యాంకు తన చార్జి తీసేయాల. నెల రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" అని పడిందో లేదో చూడండి.

లోనుతోపాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ ఉందేమో కూడా చూసుకోండి. ఒకేసారి ప్రీమియం కట్టించుకున్న పాలసీ అయితే, లోను ముందే తీరినప్పుడు మిగిలిన కాలానికి కొంత వెనక్కి వచ్చే నిబంధన ఉండొచ్చు. అడగందే ఎవరూ చెప్పరు.


టవర్‌క్లాక్_అనంతపురం:

ఒక్క అనుమానం లింకుడాక్యుమెంట్ గారూ. నా దగ్గర రిజిస్టరైన తనఖా పత్రం ఉందో లేదో ఇప్పుడే ఎట్లా తెలుసుకోవడం? ఇంకొకటి, బ్యాంకు జవాబివ్వకపోతే ఎవరికి రాయాల?


లింకుడాక్యుమెంట్:

ఇంటి క్రయపత్రం నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు పెట్టి రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ చూడండి. మీ క్రయం లైను తర్వాత బ్యాంకు పేరుతో "డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్" అని ఇంకో లైను ఉంటే రిజిస్టరైనట్టు. లేకపోతే ఉత్త డిపాజిట్ మాత్రమే, అప్పుడు తీరినంక సబ్ రిజిస్ట్రార్ దగ్గర పని ఉండదు, సెర్సాయ్ చాలు.

ఫిర్యాదుకు ముందు బ్యాంకుకే రాతలో పెట్టండి, మెయిల్ అయినా పర్వాలేదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఫిర్యాదుల పోర్టల్‌లో వేయొచ్చు, రుసుము లేదు. సహాయానికి ఫోను 14448. మీది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోనైతే అక్కడ కాదు, నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వేయాల. మంజూరు పత్రం పైభాగంలో సంస్థ పూర్తిపేరు చదివితే ఏదో తెలుస్తుంది.


ఏడురోడ్లు_కడప:

టవర్‌క్లాక్ అన్నా, ఈ నెల ముందు ఒక్క ఐదువేలే పంపండి, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇంకా వద్దు. మరుసటి రోజు స్టేట్‌మెంట్‌లో బాకీ ఎంత చూపించిందో ఇక్కడే రాయండి, తేడా ఉంటే బ్యాంకుకు ఏమని మెయిల్ పెట్టాలో చెప్తా.